పుర్రచేతికి కుదిరిన కత్తి

నాది పుర్రచేతి వాటం. తినడం, రాయడం కుడిచేత్తోనే. అవి రెండూ చిన్నప్పుడు ఇంట్లో అమ్మ, బళ్ళో మేష్టారు పట్టుబట్టి మార్పించినవి. కూర తరగడం మాత్రం ఎవరూ మార్పించలేదు. మార్పించాల్సిన అవసరమే రాలేదు, ఎందుకంటే మా అమలాపురం ఇంట్లో ఉన్నది కత్తిపీట. కత్తిపీట దగ్గర కత్తి కదలదు. కాయని రెండు చేతులతో పట్టుకుని మనమే దాని మీదికి తోస్తాం. ఏ చెయ్యి ముందు, ఏ చెయ్యి వెనక అని అడిగేవాళ్ళుండరు. ఎనిమిదో ఏట మొదలుపెట్టి నలభై దాటేదాకా కంద, పెండలం, అరటికాయ, గోరుచిక్కుడు అన్నీ దాని మీదే తరిగాను. వంటింట్లో నా చెయ్యి వేరు అన్న సంగతి నాకు అప్పటిదాకా తెలియదు.

తెలిసింది మోకాళ్ళు అరిగాక. కింద కూర్చోవద్దని డాక్టరు గట్టిగా చెప్పారు. హైదరాబాద్ ఫ్లాట్‌లో కత్తిపీట అటక మీదికి వెళ్ళింది, నేను ప్లాట్‌ఫామ్ ముందు నిలబడ్డాను. అక్కణ్ణుంచి సరైన కత్తి దొరికేదాకా మూడేళ్ళు పట్టింది. ఇప్పుడు వాడుతున్నది విక్టోరినాక్స్ కంపెనీది, ఫైబ్రాక్స్ అనే ప్లాస్టిక్ లాంటి పిడి ఉన్న ఎనిమిది అంగుళాల షెఫ్ నైఫ్. నాలుగేళ్ళుగా రోజూ రెండు పూటలా వాడుతున్నాను. దాని గురించి చెప్పే ముందు, అంతకుముందు కొన్న రెండు కత్తుల సంగతి చెప్పాలి, లేకపోతే ఇదెందుకు మంచిదో అర్థం కాదు.

మొదట కొన్నది ఒక డబ్బాలో ఆరు కత్తుల సెట్టు. అందులో నాకు నచ్చినది రంపపు పళ్ళ కత్తి, టమాటా మీద బాగా జారుతుందని. కానీ నేను ఎంత జాగ్రత్తగా కోసినా చక్రం ఒక పక్క మందంగా, ఇంకో పక్క పల్చగా వచ్చేది. బ్రెడ్డు కోస్తే చివరికి వచ్చేసరికి కత్తి పక్కకి లాక్కుపోయేది. నా చేతిలోనే ఏదో లోపం ఉందని చాలా రోజులు అనుకున్నాను. ఒకరోజు కిటికీ దగ్గర వెలుతురులో కత్తిని నిలువుగా పట్టుకుని చూశాను. పళ్ళు ఒకే పక్క నూరి ఉన్నాయి, రెండో పక్క చదునుగా ఉంది. రంపపు పళ్ళ కత్తులు చాలావరకు అలాగే చేస్తారు, కుడిచేతి వాళ్ళు కోస్తే నిటారుగా దిగేలాగ. ఎడమచేత్తో పట్టుకుంటే ఆ ఏటవాలు లోపలి వైపుకి వచ్చి కత్తిని దారి తప్పిస్తుంది. ప్రపంచంలో పదిమందిలో ఒకరు ఎడమచేతి వాటం వాళ్ళు. ఆ సెట్టు డబ్బా మీద ఈ సంగతి ఒక్క ముక్క రాసి లేదు. నాకు నిజంగా బాధేసింది. డబ్బు పోయినందుకు కాదు, తప్పు నా చేతిదే అనుకుంటూ గడిపిన ఆ రోజులకి.

రెండోది జపాన్ సాంటోకు. మా ఆడపడుచు కొడుకు టోక్యో నుంచి ప్రేమగా తెచ్చిచ్చాడు. సాంటోకు అంటే మూడు గుణాలని అర్థం: మాంసం, చేప, కూరగాయలు మూడింటికీ పనికొస్తుందని. వాదర చాలా సన్నం, ఉల్లిపాయ మీద పెడితే దానంతట అదే దిగినట్టుండేది. పిడి మాత్రం కర్రది, అడ్డంగా చూస్తే ఇంగ్లీషు ‘డి’ అక్షరంలా ఒక పక్క ఉబ్బుగా ఉంటుంది. ఆ ఉబ్బు కుడిచేతి వేళ్ళ మడతలో సరిగ్గా ఇమడాలని చేసింది. నా చేతిలో అది అరచేతికి తగిలి, అరగంట తరిగేసరికి ఎర్రగా గుర్తు పడేది. అయినా వాడాను, అంత బాగా తెగేది.

దాన్ని పాడుచేసింది బెల్లం. సంక్రాంతి ముందు అరిసెల కోసం బెల్లం దిమ్మ పగలగొట్టాల్సి వచ్చింది. చేతిలో ఉన్నది అదే కదా అని దాంతోనే ఒత్తి ముక్కలు చేశాను. మర్నాడు బీరకాయ చెక్కు తీస్తుంటే నారలు పట్టుకుంటున్నాయి. వాదర మీద గోరు వేసి లాగితే రెండు చోట్ల ఆగింది. వాదర పెచ్చులూడి రెండు గంట్లు పడ్డాయి.

నేను జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను, ఇది ముందే తట్టాల్సింది. ఉక్కులో కార్బన్ ఎంత ఎక్కువ ఉంటే, వేడిచేసి చల్లార్చినప్పుడు అంత గట్టిపడుతుంది. ఎంత గట్టిపడితే అంత పెళుసు. వీజీ10 వంటి జపాన్ ఉక్కుల్లో కార్బన్ దాదాపు ఒక శాతం, గట్టిదనం రాక్‌వెల్ కొలతలో 60 దగ్గర. యూరప్ వంటకత్తులకి ఎక్కువగా వాడే ఉక్కులో కార్బన్ అర శాతం, క్రోమియం 14, 15 శాతం, గట్టిదనం 55, 56. కాగితం మీద తేడా నాలుగైదే. వంటింట్లో ఆ తేడా ఏమిటంటే, గట్టి ఉక్కు పదును చాలాకాలం నిలుపుకుంటుంది, దెబ్బ తగిలితే మాత్రం పెచ్చు ఊడుతుంది. మెత్తటి ఉక్కు పదును తొందరగా తగ్గుతుంది, కానీ దెబ్బ తగిలితే వాదర వంగుతుంది అంతే. వంగినదాన్ని అరనిమిషంలో మళ్ళీ నిలబెట్టొచ్చు. ఊడిన పెచ్చుని మాత్రం అతికించలేం, చుట్టూ ఉన్న ఉక్కంతా దాని లోతుదాకా అరగదీయాలి.

మన వంటిల్లు ఎలాంటిదో ఆలోచించండి. కొబ్బరి చిప్ప, బెల్లం, ముదురు గుమ్మడికాయ, కంద, మునక్కాడ, ఎండు పసుపుకొమ్ము. పనిమనిషి తోముతుంది, పిల్లలు సింకులో పడేస్తారు, అత్తగారు గ్రానైట్ మీద నిమ్మకాయ కోస్తారు. ఇవన్నీ జరిగే ఇంట్లో గట్టి పెళుసు కత్తి బతకదు. ఒక్కరే వండుకునే ఇల్లయితే, దాన్ని పసిపిల్లలా చూసుకోగలిగితే జపాన్ కత్తి కొనుక్కోండి, దానంత హాయి ఇంకోదాంట్లో లేదు. నలుగురు చేతులు పెట్టే వంటింటికి మాత్రం మెత్తటి ఉక్కే సరైనదని నా గట్టి నమ్మకం.

అలా విక్టోరినాక్స్ దగ్గరికి వచ్చాను. ఈ కంపెనీది స్విట్జర్లాండ్‌లో ఇబాఖ్ అనే ఊరు. 1884లో కార్ల్ ఎల్సెనర్ అనే ఆయన అక్కడ కత్తుల పనిశాల పెట్టాడు. 1909లో తల్లి చనిపోయాక ఆమె పేరు విక్టోరియాని కత్తుల మీద పెట్టుకున్నాడు. 1921లో తుప్పు పట్టని ఉక్కుకి ఫ్రెంచిలో ఉన్న ‘ఇనాక్స్’ అన్న మాట దానికి కలిసింది. మనిళ్ళల్లో ఇత్తడి బిందెల మీద అమ్మ పేరు చెక్కించినట్టు, ఒక అమ్మ పేరు ఇన్ని కత్తుల మీద ఉండటం నాకు ఎందుకో చాలా ఇష్టంగా అనిపిస్తుంది.

కత్తి చూడటానికి సాదాగా ఉంటుంది. నల్లటి ప్లాస్టిక్ లాంటి పిడి, మెరుపు లేదు, పెట్టెలో మఖమలు గుడ్డ లేదు. ఉక్కు రేకులోంచి కత్తిరించి చేసిన కత్తి ఇది, కొలిమిలో సుత్తితో కొట్టి సాగదీసినది కాదు. దుకాణాల్లో కొలిమి కత్తే గొప్పదని చెబుతారు. బరువు, అందం కావాలంటే అవును. తరగడానికి వచ్చేసరికి రేకు కత్తి పల్చగా ఉంటుంది, పల్చగా ఉన్నది క్యారెట్‌ని చీల్చకుండా కోస్తుంది. మందపాటి కత్తితో క్యారెట్ కోసినప్పుడు చివర్లో టప్పుమని విరుగుతుంది చూడండి, అది కోత కాదు. బరువు రెండు వందల గ్రాముల లోపే ఉంది. నాలుగు కిలోల గోంగూరా ఉల్లిపాయలూ పనిలో పడ్డ రోజున ఆ తేలిక మణికట్టుకి తెలుస్తుంది.

నాకు అన్నిటికంటే ముఖ్యం, వాదర రెండు పక్కలా సమంగా నూరి ఉంది. పిడి కూడా రెండు చేతులకీ ఒకటే. కొన్న రోజు దొండకాయలు చక్రాలు తరిగాను, పావుకిలో. అన్నీ ఒకే మందంలో వచ్చాయి. మా వారు పక్కనే నిలబడి ఉన్నారు, ఆయనకి చూపించాను. యాభై ఏళ్ళకి దగ్గరపడ్డ మనిషిని, దొండకాయ చక్రాలు చేతిలో పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను.

మీరు కొనేటప్పుడు చూసుకోవాల్సినవి చెబుతాను, ఏ కంపెనీదైనా సరే. కత్తిని పిడి చివర పట్టుకోకండి. బొటనవేలు, చూపుడువేలు రెంటితో పిడి ముందు ఉన్న ఉక్కుని చిటికెలా పట్టుకుని, మిగతా మూడు వేళ్ళూ పిడి చుట్టూ వేయండి. తరిగేటప్పుడు పట్టుకోవాల్సింది అలాగే. అలా పట్టుకున్నప్పుడు కత్తి వెన్ను అంచులు చూపుడువేలికి కోసుకుంటున్నట్టు ఉంటే వద్దు, నెల తిరక్కుండా అక్కడ కాయ కాస్తుంది. తర్వాత కత్తిని బల్ల మీద ఆనించి చూడండి. పిడి కింద మీ వేళ్ళ కణుపులు బల్లకి తగలకూడదు. చిన్న చాకులతో బోర్డు మీద తరగలేకపోవడానికి అసలు కారణం ఇదే, పదును కాదు. వెడల్పు కనీసం నాలుగు సెంటీమీటర్లు ఉండాలి. ఎడమచేతి వాళ్ళు వాదరని ముక్కుకి ఎదురుగా పట్టుకుని చూడండి, ఏటవాలు రెండు పక్కలా ఒకేలా ఉందా లేదా. పొడవు ఎనిమిది అంగుళాలు చాలామందికి సరిపోతుంది. చేతులు చిన్నవైతే, ప్లాట్‌ఫామ్ ఇరుకైతే ఏడుతో సరిపెట్టుకోవచ్చు. ఆరుకి దిగితే క్యాబేజీ దగ్గర ఇబ్బంది పడతారు.

నేను కొన్నప్పుడు నాలుగు వేల చిల్లర అయింది. మధ్యతరగతి ఇంట్లో ఒక కత్తికి నాలుగు వేలా అంటే, అవును, ఎక్కువే. మిక్సీకి అంతకు రెట్టింపు పెడతాం కదా, దాన్ని రోజుకి పది నిమిషాలు వాడతాం.

ఇంక పదును. ఇక్కడ కాస్త ఓపిగ్గా చదవండి, ఎందుకంటే ఏ కత్తి కొన్నా ఆరు నెలల్లో అది మొద్దుబారుతుంది, ఆ రోజు నుంచి మీ చేతిలో ఉన్నది ఉక్కు బద్ద. వేలు తెగేది కూడా అప్పుడే. మొద్దు కత్తి టమాటా తోలు మీద జారి వేలి మీదికి వస్తుంది.

మా వీధిలో సైకిలు చక్రంతో సాన పట్టే అతను వచ్చేవాడు. కత్తిపీటకి ఆయన పెట్టే పదును చాలా బాగుండేది, మందపాటి ఇనుముకి ఆ చక్రం సరిగ్గా పనికొస్తుంది. పల్చటి స్టీలు కత్తి ఇస్తే మాత్రం నిప్పురవ్వలు లేచి వాదర నీలం రంగుకి తిరిగింది. అది ఆ మొదటి సెట్టులోది. నీలం వచ్చిందంటే ఉక్కు మరీ ఎక్కువ వేడెక్కిందన్నమాట, అక్కడ దాని గట్టిదనం పోయింది. తర్వాత ఎన్నిసార్లు నూరినా ఆ మేర పదును రెండు రోజులు నిలవలేదు. పల్చటి కత్తిని పొడి చక్రానికి ఇవ్వకండి. రెండు చక్రాల మధ్య లాగే ప్లాస్టిక్ పరికరాలు కూడా వద్దంటాను, అవి వాదరని చెక్కేస్తాయి.

సానరాయి కొనుక్కోండి. వెయ్యి గ్రిట్ (రాయి గరుకు ఎంత సన్నమో చెప్పే అంకె) రాయి ఒక్కటి చాలు ఇంటికి. దొరక్కపోతే హార్డ్‌వేర్ కొట్లో కార్బొరండం రాయి అడగండి, ఒక పక్క గరుకు, ఒక పక్క నునుపు ఉంటుంది. నునుపు పక్క వాడండి. తడిగుడ్డ పరిచి దాని మీద రాయి పెడితే జారదు. రాయి తడిపి, కత్తిని దాని మీద పడుకోబెట్టి, వెన్నుని పైకి లేపాలి. ఎంత లేపాలన్నదే అందరికీ వచ్చే అనుమానం. కోణాలు కొలవక్కర్లేదు. నాలుగున్నర సెంటీమీటర్ల వెడల్పున్న కత్తికి వెన్ను సెంటీమీటరుకి కొంచెం పైన, అంటే దాదాపు మీ చిటికెనవేలి మందం లేపితే పదిహేను, పదహారు డిగ్రీలు వచ్చేస్తుంది. మొదటి పదిసార్లు నిజంగా చిటికెనవేలు పెట్టి చూసుకున్నాను. ఆ ఎత్తు మారకుండా, పెద్దగా ఒత్తకుండా, ముందుకీ వెనక్కీ నూరాలి. కాసేపటికి అవతలి పక్క వాదర మీద వేలు అడ్డంగా, బయటికి, తేలిగ్గా లాగితే సన్నటి గరుకు తగులుతుంది. ఇవతల అరిగిన ఉక్కు అవతలికి మడత పడిందన్నమాట. పిడి దగ్గరి మడమ నుంచి మొనదాకా ఆ గరుకు తగిలితేనే తిప్పాలి. చాలామంది ఇక్కడే ఓపిక పోయి మధ్యలో తిప్పేస్తారు, అందుకే నూరినా పదును రాలేదంటారు. రెండో పక్క కూడా అంతే చేసి, చివర్లో ఒత్తిడి లేకుండా పక్కకి రెండేసి సార్లు నూరి, పాత కాటన్ గుడ్డ మీద తుడవాలి. దినపత్రిక కాగితం గాల్లో పట్టుకుని కోయండి. చిరక్కుండా జారిపోతే పదును వచ్చినట్టు.

నాకు మొదటిసారి గంట పట్టింది, ఇప్పుడు పావుగంట. రెండు నెలలకోసారి ఆదివారం మధ్యాహ్నం చేస్తాను. మధ్యలో మూడు నాలుగు రోజులకోసారి స్టీలు రాడ్డు మీద అటు నాలుగు, ఇటు నాలుగు. రాడ్డు పదును పెట్టదు, వంగిన వాదరని నిలబెడుతుంది, అంతే. మెత్తటి ఉక్కు కాబట్టే ఆ నాలుగు రాపిళ్ళకి లొంగుతుంది. రాయి మీద చెయ్యి మార్చుకుని రెండు పక్కలా నూరడం కూడా నాకు తేలికే, చిన్నప్పటి నుంచి రెండు చేతులకీ పని చెప్పినదాన్ని కదా.

బోర్డు చెక్కది గానీ ప్లాస్టిక్‌ది గానీ ఉండాలి. గాజు బోర్డు అందంగా ఉంటుంది, వారంలో కత్తిని చంపేస్తుంది. గ్రానైట్ అంతే. స్టీలు పళ్ళెంలో పెట్టి కోయడం కూడా వద్దు. వాడిన వెంటనే కడిగి తుడిచి పెట్టండి. స్టెయిన్‌లెస్ అన్న మాటని నమ్మి చింతపండు పులుసు అంటిన కత్తిని రాత్రంతా వదిలేస్తే ఆ ఉక్కుకీ చుక్కలు పడతాయి, క్రోమియం తుప్పుని ఆపుతుంది గానీ బొత్తిగా రాకుండా చేయదు.

కమ్మరి చేసిన కత్తుల గురించి కూడా ఒక మాట. లారీ కమాన్ పట్టీలతో చేసిన కత్తులు సంతల్లో ఇప్పటికీ దొరుకుతాయి. ఆ ఉక్కు చాలా మంచిది, దెబ్బలకి ఆగుతుంది, రాయి మీద ఇట్టే పదునెక్కుతుంది. నాకు వాటి మీద ఎంతో గౌరవం. రోజువారీ కూరలకి వాడకపోవడానికి కారణం అరటికాయ. అరటికాయ, వంకాయల్లో ఉండే వగరు పదార్థం ఇనుముతో కలిస్తే నల్లబడుతుంది. అమ్మ అరటికాయ ముక్కల్ని మజ్జిగ నీళ్ళలో వేసేది అందుకే, ఆ పులుపుకి నలుపు తగ్గుతుంది. స్టెయిన్‌లెస్ కత్తితో కోసినా గాలికి కొంత రంగు మారుతుంది గానీ ఆ సిరా నలుపు రాదు.

ఈ కత్తితో చేయనివి కొన్ని ఉన్నాయి. ఆవకాయకి టెంకతో కాయ కొట్టడం దీంతో ప్రయత్నించకండి. రైతుబజార్లో పెద్ద కత్తితో కొట్టిచ్చేవాళ్ళు ఉన్నారు, వాళ్ళ పని వాళ్ళకే వదిలేయాలి. పనసపొట్టు కూడా కాదు. పొట్టు కొట్టడానికి బరువున్న కత్తి కావాలి, చేతికి నూనె రాసుకుని టకటకమని దించాలి, రెండు వందల గ్రాముల కత్తి ఆ పనికి చాలదు. కోడి ఎముకలు, కొబ్బరికాయ, ఫ్రీజర్లోంచి తీసిన మాంసం వద్దు. బెల్లానికి పచ్చడిబండ పెట్టుకున్నాను.

కిందటి నెల మా అమ్మాయికి పుణెలో ఉద్యోగం వచ్చింది. తనదీ పుర్రచెయ్యే. ఇదే రకంలో ఏడు అంగుళాలది, ఒక వెయ్యి గ్రిట్ రాయి కొని సూట్‌కేసులో అట్ట చుట్టి పెట్టాను. ఊరి నుంచి వచ్చిన అమ్మ అది చూసి, చేతికివ్వకే, కింద పెట్టు, తనే తీసుకుంటుంది అంది. కత్తి చేతి నుంచి చేతికి ఇవ్వకూడదని మా ఇంట్లో పట్టింపు. మళ్ళీ బయటికి తీసి బల్ల మీద పెట్టాను. అమ్మాయి ఎడమచేత్తో తీసుకుంది. అమ్మ ఏమీ అనలేదు. వంటింట్లోకి వెళ్ళి రెండు ఉల్లిపాయలు తెచ్చి, ఏదీ, కొయ్యి చూద్దాం అంది.